చూడకుండా చెప్పిన అంకె

మునేటి ఒడ్డున నీటిమట్టం చూసే పనిలో ఇరవై రెండేళ్ళున్నాను. ఇప్పుడు నేను నిలబడిన చోట ఒక పెట్టె బిగించారు. అదే చూసుకుంటుంది, అదే ఆఫీసుకి అంకె పంపుతుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు, మీ రోజుల సంగతులు చెప్పండి పెద్దమ్మా, పుస్తకంలో వేస్తాం అన్నారు. నాకు అంకెలు వచ్చు గానీ అక్షరాలు రావు. సంతకం మటుకు ముగ్గు వేసినట్టు వేస్తాను. అందుకని నేను చెబుతుంటే మా పక్కింటి టీచరమ్మ రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమ్మా, బాగుచెయ్యకు అన్నాను.

చెప్పుకోదగ్గవి చాలా ఉన్నాయి. గేజికి పాము చుట్టుకుని ఉంటే కర్రతో విదిలించి అంకె చదివిన రోజుంది. పెద్ద ఆఫీసరు పడవలోంచి జారి బురదలో కూర్చుంటే నవ్వు ఆపుకోలేక చెట్టు చాటుకి పోయిన రోజుంది. అలాంటివి ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది నా తప్పు. దానికి ఒక మనిషి పోయాడు.

ఈ పని మొదట మా ఆయనది. ఆయన జ్వరంతో నాలుగు రోజుల్లో పోయాడు. నందిగామ ఆఫీసులో పెద్దాయన నన్ను పిలిచి, చదవడం వచ్చా అని అడిగాడు. అంకెలు వచ్చండి అన్నాను. ఎక్కడ నేర్చావు అన్నాడు. మా ఊరి మీదుగా పోయే వత్సవాయి, జగ్గయ్యపేట బస్సుల నంబర్లు చూసి నేర్చుకున్నానండి అన్నాను. ఆయన నవ్వి, ఏటికి అక్షరాలతో పనిలేదులే అని పని నాకిచ్చాడు.

పని చిన్నదే. ఒడ్డు దిగుతుంటే మెట్లు మెట్లుగా ఆరు స్తంభాలు పాతి ఉండేవి, ఒక్కోటి మీటరు ఎత్తు. వాటినే గేజి అంటాం. తెల్లరంగు మీద నల్లగీతలు, అంకెలు. నీళ్ళు ఏ గీతను తాకుతుంటే ఆ అంకె పుస్తకంలో రాసి, ఆఫీసుకి ఫోన్‌లో చెప్పాలి. పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి. వరదొస్తే గంటగంటకీ.

ఆఫీసు కంటే ఎక్కువగా రైతులు నన్ను అడిగేవాళ్ళు. మా గేజికి దిగువన ఏటి పొడుగునా పత్తి, మిరప. నీళ్ళ కోసం ఏట్లోనే మోటార్లు బిగించుకునేవాళ్ళు. పైనుంచి నీళ్ళొస్తే అవి కొట్టుకుపోతాయి. ముందే విప్పి ఒడ్డెక్కించుకోవాలి. మబ్బు పట్టిందంటే నా ఫోన్ ఆగేది కాదు. అక్కా ఎంతుంది, పిన్నీ ఎంతుంది, ఇంకా వచ్చేట్టుందా. నేను చెప్పిన మాట మీద కూలీల్ని పిలుచుకునేవాళ్ళు, మానుకునేవాళ్ళు. చదువురాని ముండమోపి మాటకి పదూళ్ళ మగవాళ్ళు కాచుక్కూర్చోవడం నాకు బాగానే ఉండేది. లేదని ఎందుకు చెప్పాలి.

మాకు ఎగువన, ఖమ్మం వైపు, ఇంకో గేజి ఉంది. దాన్ని చూసే ఆయన నాకంటే పెద్దవాడు. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. ఎనిమిదేళ్ళు రోజూ మాట్లాడుకున్నాం గానీ ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఆయన కూతురి పెళ్ళిచూపులు ఎన్నిసార్లు తప్పిపోయాయో నాకు తెలుసు. నా మోకాలు ఏ వేళకి నొప్పి పుడుతుందో ఆయనకి తెలుసు. ఆయన దగ్గర సాయంత్రం ఉన్న నీళ్ళు తెల్లారేసరికి మా దగ్గరికి వస్తాయి. ఏరు మా దగ్గర వెడల్పు కాబట్టి మట్టం అర మీటరు తగ్గుతుంది. ఈ లెక్క మాకెవరూ చెప్పలేదు. ఏళ్ళ తరబడి అంకెలు చెప్పుకోగా చెప్పుకోగా మాకే తెలిసింది.

ఒక వానాకాలం రేగడి గట్టు మీద జారి పడి మణికట్టు విరిగింది. జగ్గయ్యపేటలో కట్టు కట్టించుకుని నెలరోజులు ఇంట్లో కూర్చున్నాను. పని పోతుందని ఆఫీసుకి చెప్పలేదు. ఆ నెలంతా ఆయన్ని అడిగి, అందులోంచి అర మీటరు తీసేసి నా అంకె చెప్పాను. చెయ్యి బాగయ్యాక వెళ్ళి చూస్తే నా లెక్కకీ ఏటికీ బెత్తెడు కూడా తేడా లేదు. అప్పుడు భయపడాల్సింది. నేను మురిసిపోయాను. ఇంజనీర్లు మిషన్లు పెట్టి చేసేది నేను మంచం మీద కూర్చుని చేశానని.

ఇక అక్కణ్ణుంచి వాన పడ్డ రోజు గట్టు దిగడం మానేశాను. ఎండ రోజుల్లో వెళ్ళేదాన్ని. చూడండి, వెళ్ళాల్సిన రోజు మానేసి, వెళ్ళకపోయినా నష్టం లేని రోజున వెళ్ళాను. ఆయనకీ చెప్పలేదు. ఆయన కూడా అప్పుడప్పుడు, నీ కాడ ఎంతుంది చెల్లె, అని అడిగేవాడు. ఊరికే అడుగుతున్నాడనుకునేదాన్ని.

పదేళ్ళ కిందటి మాట. రెండు రోజులుగా ముసురు. మొదటిరోజు సాయంత్రం నేను ఏటికి పోలేదు. పొద్దున ఆయన చెప్పిన దాన్నిబట్టి ఒకటీ ఎనభై, అంటే మీటరూ ఎనభై సెంటీమీటర్లు, అని పుస్తకంలో రాసుకున్నాను. ఆరున్నరకి ఆయనే ఫోన్ చేసి, ఎంతుంది చెల్లె అన్నాడు. ఒకటీ ఎనభై అన్నయ్యా అన్నాను. మర్నాడు పొద్దున వాన ఇంకా పడుతోంది. గట్టు తలుచుకుంటేనే మోకాలు సలిపింది. ఎనిమిది కాకముందే ఆయనకి ఫోన్ చేసి, నిన్న సాయంత్రం నీ దగ్గర ఎంతని అడిగాను. రెండూ ముప్ఫై అన్నాడు. అర మీటరు తీసేస్తే ఒకటీ ఎనభై. నిన్నటి అంకే మళ్ళీ వచ్చింది. చూశావా, ఏరు కదలకుండా ఉంది, నా లెక్క తప్పలేదు అనుకుని ఆఫీసుకి అదే చెప్పాను.

తర్వాత తెలిసిన సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆయన కూడా ముందురోజు మధ్యాహ్నం నుంచీ ఏటికి పోలేదు. కూతురింటికి వెళ్ళాడు. నేను చెప్పిన ఒకటీ ఎనభైకి అర మీటరు కలిపి రెండూ ముప్ఫై రాసుకున్నాడు. పొద్దున నాకు చెప్పింది అదే. నా అంకెని ఆయన తీసుకున్నాడు, ఆయన అంకెని నేను తీసుకున్నాను. మధ్యలో ఏటిని చూసినవాళ్ళు లేరు. ఆ రాత్రి పైన కుండపోతగా కురిసింది.

తొమ్మిదింటికి దిగువ నుంచి ఒక కౌలురైతు ఫోన్ చేశాడు. మా గేజికి ఏడెనిమిది మైళ్ళ కింద మూడెకరాల మిరప వేసుకున్నవాడు. నలభై ఏళ్ళుంటాయి. నెమ్మదైన మనిషి, అక్కా అని తప్ప పిలవడు. అతని మోటారు ఒడ్డున లేదు, ఏట్లో ఒక చిన్న పాయ దాటాక ఇసక తిప్ప మీద ఉంది. ఆ పాయలో మోకాల్లోతు నీళ్ళే.

“అక్కా, వాన వదిలేట్టు లేదు. మోటారు విప్పి తెచ్చుకోనా, ఇప్పుడు దిగొద్దంటావా?”

“నా దగ్గర ఒకటీ ఎనభై తమ్ముడూ. నిన్న ఎంతో ఈ రోజూ అంతే. మధ్యాహ్నం దాకా ఏం కాదు.”

“చూసావుగా?”

“చూసా.”

“సరే అయితే. అన్నం తిని పోతా. నీ మాట మీదేనక్కా.”

అంతే. ఈ నాలుగు మాటలూ పదేళ్ళుగా నా చెవిలో ఉన్నాయి.

పదకొండు దాటాక ఆఫీసు నుంచి ఇంజనీరు గారు ఫోన్ చేశారు. కింద నీళ్ళు ఎక్కువగా ఉన్నాయంటున్నారమ్మా, నువ్వు ఒకటీ ఎనభై అన్నావు, మళ్ళీ చూడు అన్నారు. గొడుగు కూడా తీసుకోకుండా పోయాను. గట్టు మీదనుంచే కనబడింది. కింది మూడు స్తంభాలు కనబడడం లేదు. నాలుగోది సగం మునిగింది, అంటే మూడున్నర మీటర్లు. నీళ్ళు ఎర్రగా, తుమ్మకంపల్ని దొర్లించుకుంటూ పోతున్నాయి. ఆ నీళ్ళు నేను ఒకటీ ఎనభై చెప్పే వేళకే లేచి ఉండాలి. ఎనిమిదింటికి నేను ఆ గట్టు మీద నిలబడి ఉంటే అతను ఇంట్లో ఉండేవాడు.

అక్కణ్ణుంచే అతనికి ఫోన్ చేశాను. మోగింది. మళ్ళీ చేశాను, మోగింది. మూడోసారి స్విచ్చాఫ్ వచ్చింది. ఒడ్డున చొక్కాలో పెట్టి వెళ్ళాడట. వానకి తడిసి ఆగిపోయిందో ఏమో.

అవతలి ఒడ్డు నుంచి ఇద్దరు చూశారు. అతను తిప్ప మీద వంగి పనిచేసుకుంటుంటే వెనకాల పాయ నిండింది. కేకలు వేశారు గానీ వానలో వినబడలేదు. తల ఎత్తి చూసేసరికి పాయ నడుంలోతు దాటింది. దిగాడు. రెండో రోజు దొరికాడు.

ఏరు తగ్గాక నేను ఆ తిప్ప దగ్గరికి పోయాను. మోటారు అక్కడే ఉంది, పోలేదు. నాలుగు నట్లుంటే మూడు విప్పి ఉన్నాయి. విప్పిన మూడూ తలగుడ్డ ముక్కలో కట్టి, మోటారు బిగించిన చువ్వకి ముడివేసి ఉన్నాయి. భయం ఉన్నవాడు నట్లు మూటకట్టుకోడు. టైముంది అనుకున్నవాడు కట్టుకుంటాడు.

ఊళ్ళో మాత్రం వేరేగా అనుకున్నారు. వరదలో మోటారు కోసం దిగాడట, ప్రాణం కంటే మోటారు ఎక్కువైందట, మొండివాడు అని. టీ బండి దగ్గర ఒకాయన, తాగి దిగాడేమో అని కూడా అన్నాడట. అతను తాగడు. నేను విన్నాను, మాట్లాడలేదు.

ఇంజనీరు గారు పుస్తకం చూడడానికి వచ్చారు. చిన్నవాడు, మర్యాదస్తుడు. ఎనిమిది గంటల గడిలో ఒకటీ ఎనభై మీద వేలుపెట్టి, అమ్మా, ఇది చూసి రాసిందేనా అన్నారు. అవునండి అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూశారు. తర్వాత, హఠాత్తుగా పెరిగిందని రిపోర్టులో రాస్తాను, సంతకం పెట్టు అన్నారు. ముగ్గు వేసినట్టు వేశాను. ఆ రోజు నా చెయ్యి వణకలేదు. అది కూడా చెప్పాలి.

నా మనసులో ఉన్నది ఏంటంటే, పని పోతే తినేదెట్లా. ఎగువ అన్నయ్యకి ఇంక రెండేళ్ళే సర్వీసు, నాకు అంకె ఇచ్చినందుకు ఆయన పని కూడా పోతుంది. పోయినవాడు ఎటూ పోయాడు. ఇలా ఒక్కోటీ పేర్చుకున్నాను.

ఐదో రోజు అతని భార్య మా ఇంటికి వచ్చింది. పాతికమంది చుట్టాలున్న ఇంట్లోంచి ఒక్కతే ఆటో ఎక్కి వచ్చింది. నన్ను వదినా అనేది, కిందటేడు మా ఇంటికి మిరపనారు తెచ్చి ఇచ్చిన పిల్ల. గుమ్మం దాటి లోపలికి రాలేదు. అరుగు మీద కూర్చుంది. మంచినీళ్ళిస్తే తాగలేదు.

“ఆయన ఫోన్‌లో చివరి నంబరు నీదేనంట వదినా. ఏం మాట్లాడాడు?”

నేను చెప్పలేదు. ఎంతుందని అడిగాడమ్మా, అందరూ అడిగినట్టే, అన్నాను.

ఆ పిల్ల నేల చూస్తూ చెప్పుకుపోయింది. ఆ పొద్దున ఇద్దరూ గొడవపడ్డారట. మోటారు పోతే పోయింది, నువ్వు ఏట్లో దిగితే ఒట్టే అందట. అతను బదులు చెప్పకుండా అన్నం తిని, సైకిల్ తీసుకుని పోయాడట. “నా ఒట్టు తీసి గట్టున పెట్టి పోయాడు వదినా. ఊళ్ళోవాళ్ళు మొండివాడంటున్నారు, నేను కాదని అనలేకపోతున్నా. నా మీద కోపంతోనే దిగాడు. నేను ఆ మాట అనకుండా ఉంటే దిగేవాడు కాదు. అంతే కదా?”

తప్పంతా తన మీద వేసుకుని, ఔననిపించుకోడానికి నా దగ్గరికి వచ్చింది. నేను ఔననకపోయినా, ఊరుకుంటే చాలు, అట్లాగే నమ్మి బతుకుతుంది. నేనూ మొగుడు పోయినదాన్నే. మా ఆయన జ్వరంలో ఉన్నప్పుడు ఏ రోజు ఏ డాక్టరు దగ్గరికి తీసుకుపోయి ఉంటే బతికేవాడో ఈ రోజుకీ లెక్కవేస్తుంటాను. ఆ లెక్క ఆ పిల్ల నెత్తిన నేను పెట్టబోతున్నాను.

“నిన్ను కాదని పోలేదమ్మా. నన్ను అడిగి పోయాడు. మధ్యాహ్నం దాకా ఏం కాదని నేనే చెప్పా. చూసావా అని అడిగాడు. చూసా అన్నా. నేను చూడలేదు.”

ఆ పిల్ల తల ఎత్తింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు.

“అడిగాడా?” అంది.

“అడిగాడు. దిగొచ్చా అని అడిగాడు, చూసావా అని మళ్ళీ అడిగాడు.”

“అయితే నా ఒట్టు లెక్కచెయ్యకుండా దిగలేదు. కనుక్కునే దిగాడు.” ఆ మాట తనలో తను అనుకుంది. లేచి చీర కుచ్చెళ్ళు దులుపుకుంది. “ఈ మాట నాకొక్కదానికి చెబితే ఏం లాభం. ఆయన్ని మొండివాడన్నది నేనొక్కదాన్నే కాదు. పెద్దకర్మ రోజు రా. అందరిలో చెప్పు.”

వదినా అనలేదు. మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

మధ్యలో ఐదు రోజులున్నాయి. ఆ ఐదు రోజులూ ఏటికి రెండుపూటలా పోయాను. వాన లేదు, మోకాలు నొప్పి ఉంది. ఎగువ అన్నయ్యకి ఫోన్ చేసి, నేను చెప్పేస్తున్నాను అన్నయ్యా అన్నాను. అప్పుడే ఆయన తన సంగతి చెప్పాడు. “నా పేరు తియ్యకు చెల్లె. రెండేండ్లే ఉన్నది నాకు” అన్నాడు. తియ్యనన్నాను. కానీ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే ఏం చెప్పాలి?

పెద్దకర్మకి షామియానా వేశారు. భోజనాలకు ముందు మగవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. నేను వెళ్ళి నిలబడ్డాను. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ పోయాను గానీ అక్కడ నిలబడేసరికి అంతా పోయింది. అతను నన్నడిగాడు, నేను ఏటికి పోకుండానే పోయినట్టు చెప్పాను, అతను మొండివాడు కాదు, నమ్మినవాడు అన్నాను. అంతవరకే వచ్చింది.

ఆ పిల్ల అన్న లేచి మీదికొచ్చాడు. అతని నోటికి వచ్చినవి ఇక్కడ రాయించను, అవి నాకు తగినవే. ఆ పిల్ల లోపలి నుంచి, ఆగన్నయ్యా, చెప్పనివ్వు అంది. ఎవరో ఒక ముసలాయన, ఇప్పుడు చెబితే మనిషొస్తాడా అన్నాడు. రాడండి అన్నాను. టీ బండి దగ్గర తాగాడేమో అన్న పెద్దమనిషి కూడా అక్కడే ఉన్నాడు, తల దించుకుని విస్తరి సర్దుకుంటున్నాడు. భోజనానికి ఎవరూ పిలవలేదు. నడిచి రోడ్డెక్కి బస్సు పట్టుకున్నాను.

ఆ తర్వాత ఆఫీసు. ఇంజనీరు గారు ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడ్డారు, ఆయన కోపంలో న్యాయం ఉంది, నా సంతకం కింద ఆయన సంతకం కూడా ఉంది. పుస్తకంలో ఆ ఒకటీ ఎనభైని ఎర్రసిరాతో కొట్టేయించి, పక్కన ‘చూడలేదు’ అని ఆయన చేతే రాయించాను. అంకెలు కాని మాట ఆ పుస్తకంలో అదొక్కటే. ఎక్కణ్ణుంచి వచ్చిందీ అంకె అని అడిగారు. చెప్పక తప్పలేదు.

ఎగువ అన్నయ్యనీ నన్నూ ఒకే రోజు నందిగామ పిలిచారు. అక్కడ వరండాలో మొదటిసారి ఆయన్ని చూశాను. గొంతుని బట్టి ఆజానుబాహువు అనుకున్నాను, పొట్టిగా, చిక్కి, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. “పేరు తియ్యనన్నవ్ కద చెల్లె” అన్నాడు. పేరు తియ్యలేదన్నయ్యా, అంకె చెప్పాల్సొచ్చింది అన్నాను. ఆయన తలూపాడు. ఆయన పని పోయింది. నన్ను ఆరు నెలలు పక్కన పెట్టారు, తర్వాత ఆ గట్టు దిగడానికి ఇంకెవరూ ముందుకు రాకపోతే మళ్ళీ పిలిచారు. ఒకే తప్పుకి ఆయనకొకటి, నాకొకటి. ఆయన మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. పోయాడని రెండేళ్ళకి విన్నాను.

పిల్లలూ, మీ పెట్టె మంచిదే. మోకాలు నొప్పి ఉండదు దానికి. ఒక్క మాట చెబుతాను, అది కూడా ఒక్కోసారి నిన్నటి అంకెనే పంపుతుందని మీరే అన్నారు. నిన్నటి అంకె ఇవాళ మళ్ళీ కనబడితే గట్టు దిగి ఒకసారి చూసి రండి.

ఆ పిల్ల పొలం వదల్లేదు. మూడెకరాల కౌలూ తనే చేసుకుంది. మోటారు కూడా అదే, ఆ తిప్ప మీదే. నేను మళ్ళీ పనిలో చేరిన వానాకాలం, మొదటి ముసురు రోజున ఫోన్ మోగింది. నంబరు చూశాను. అతనిదే, ఆ నంబరు ఆ పిల్ల వాడుతోంది. ఎత్తడానికి నాకు ధైర్యం చాలలేదు. రెండోసారి మోగితే ఎత్తాను.

“ఎంతుంది?” అంది.

లైన్లో ఉండమ్మా అని గట్టు దిగాను. జారుతూ, కంపలు పట్టుకుంటూ దిగాను. నీళ్ళ దగ్గర వంగి చూసి, రెండూ పదిహేను అన్నాను.

“చూసే చెబుతున్నావా?”

“నీళ్ళ పక్కనే ఉన్నానమ్మా.”

నీళ్ళ శబ్దం వింటోందనుకుంటాను. సరే అని పెట్టేసింది.

నేను పని మానేదాకా ప్రతి వానాకాలం అలాగే ఫోన్ చేసింది. బాగున్నావా అని ఎప్పుడూ అడగలేదు. ఎంతుంది అనేది, నేను చెప్పాక, చూసే చెబుతున్నావా అనేది. ఆ రెండో మాట ఒక్కసారి కూడా వదల్లేదు. నేను కూడా ఏటి దగ్గరికి దిగకుండా ఒక్కసారి కూడా బదులు చెప్పలేదు.